ఇల్లరికం వచ్చిన భాష

సావనీరుకు ఏదైనా రాయమని మా విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు కథ రాద్దామా, గేయం రాద్దామా అని రెండు రాత్రులు హాస్టలు మేడమీద కూర్చుని ఆలోచించినాను. నాకు రెండూ రావని తెలియడానికి ఆ రెండు రాత్రులు చాలినాయి. నాకు చేతనైనది కంప్యూటరు ప్రోగ్రాము ఒక్కటే. "దాని గురించి రాస్తే ఎవరు చదువుతారప్పా?" అన్నాడు నా రూమ్మేటు. నిజమే. అయినా ఈ ప్రోగ్రాము సంగతిలో మా చిన్నాయన రెండెకరాల విత్తనం ఉంది. కాబట్టి కంప్యూటరు పొడ గిట్టని వారు కూడా కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

నేను బి.యస్సీ. ఆఖరు సంవత్సరం. గణితం, భౌతికం, కంప్యూటర్సు. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. నాయనకు ఏడెకరాలు, చిన్నాయనకు ఐదు. అంతా ఎర్రనేల, రాళ్ళు ఏరినకొద్దీ రాళ్ళు పుట్టే నేల. బుడ్డలు వేస్తాము, నడుమ సాళ్ళలో కంది. ఈ జిల్లా వానల గురించి ఈ సంచిక పాఠకులకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు పట్టుకుంటాయి. ఈశాన్యం సముద్రం నుండి ఇంత దూరం వచ్చేసరికి చేతులు దులుపుకుంటుంది. ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. అంటారు. ఆ సగటు పుస్తకంలో ఉంటుంది గాని ఏ ఒక్క సంవత్సరమూ మా చేనిలోకి వచ్చి నిలబడలేదు.

మా సేద్యమంతా రెండు మాటల మీద నడుస్తుంది: అదును, పదును. అదును కార్తె చెబుతుంది. పదును నేల చెబుతుంది. మృగశిరలో దుక్కులు, ఆరుద్ర నుండి ఆశ్లేష వరకు ఎప్పుడు నేల తడిసి విత్తు పట్టుకుంటుందో అప్పుడు విత్తడం. తొందరపడితే మొలక మాడుతుంది. ఆలస్యమైతే కాయ ఊరే వేళకు వాన ఉండదు. ఒక్క రోజు నిర్ణయం మీద ఒక సంవత్సరపు కూడు ఆధారపడి ఉంటుంది.

రెండో సంవత్సరంలో సి భాష నేర్చుకున్న ఉత్సాహంలో నేను "వానలెక్క" అని ఒక ప్రోగ్రాము రాసినాను. పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో పెట్టి అందులో వేసినాను. మా ఊరి బడి దగ్గర వాటర్‌షెడ్డు పనుల కాలంలో పెట్టిన వాన కొలిచే డబ్బా ఒకటి ఉంది. రోజూ పొద్దున అందులో ఎంత నిలిచిందో చూసి ప్రోగ్రాములో కొట్టాలి. నిన్నా ఈరోజూ కలిపి 25 మి.మీ. దాటితే తెర మీద పచ్చరంగులో "పదును వచ్చింది" అని పడుతుంది. నా మటుకు నేను ఉపగ్రహం పంపినంత గర్వపడినాను.

నాయన చూసి, "ఈ ఇరవై ఐదు ఎవరు చెప్పినార్రా?" అన్నాడు.

"పుస్తకంలో చూసినా నాయనా."

"పుస్తకం రాసినాయన మన గరుగు చేను చూసినాడా?"

మా ఇంట్లోనే మూడు రకాల నేల ఉంది. గరుగు చేనిలో నీళ్ళు నిలవవు, ముప్పై పడినా రెండో నాటికి ఆరిపోతుంది. వంక పక్క తునకకు ఇరవై చాలు. మరి ఆషాఢపు గాలి తోలుతుంటే ఈ లెక్కలన్నీ తలకిందులు. నాయన ఫోను చేసి "ఇరవై ఐదు తీసి ఇరవై చెయ్" అంటాడు. సి లో రాసిన ప్రోగ్రామును ఒకసారి కంపైల్ చేసినామంటే అది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే ముద్ద. లోపల ఇరవై ఐదు ఎక్కడుందో మళ్ళీ వెదికి మార్చడం ఇంట్లోవారి పని కాదు. నేను ఇక్కడ హాస్టల్లో అంకె మార్చి, మళ్ళీ కంపైల్ చేసి, పెన్‌డ్రైవులో వేసి, ఊరికి పోయే వారెవరైనా దొరికితే ఇచ్చి పంపాలి. తీరా అది ఇంటికి చేరితే ల్యాప్‌టాపులోని యాంటీవైరస్ దాన్ని కొత్త దొంగ అనుకుని పట్టి లోపల వేసేది. ఆ వేసవిలో ఐదుసార్లు పంపినాను. మూడు దొంగతనాల కింద జమ అయినాయి.

ఈ గోడు మా కంప్యూటర్సు సారు దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆయన నా ప్రోగ్రాము అంతా చూసి, "మారనిదీ మారేదీ కలిపి ఒకే కాంక్రీటు పోసినావు కదయ్యా" అన్నారు. ఫైలు తెరవడం, అంకెలు దాచడం, తెర గీయడం ఎప్పటికీ మారేవి కావు. అవి సి లో ఉండవచ్చు. పదును ఎప్పుడు అన్న సూత్రం మాత్రం ఊరికొక రకం, చేనికొక రకం. దాన్ని బయట ఒక మామూలు ఫైలులో, చదివితే అర్థమయ్యే చిన్న భాషలో పెట్టి, ఆ భాషను చదివి నడిపే యంత్రాంగాన్ని నీ ప్రోగ్రాము కడుపులోనే పెట్టుకో అన్నారు. సూత్రం మారితే ఫైలు మార్చుకుంటారు. కంపైల్ మాటే ఉండదు.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. ఇంజనీర్లు బొమ్మలు గీసే ఆటోకాడ్‌లో 1986 నుండే ఆటోలిస్ప్ అనే భాష కాపురం ఉంది. పటాలు గీసే క్యూజీఐఎస్ సి ప్లస్ ప్లస్ లో కట్టిన ఇల్లు, అందులో పైథాన్ కాపురం ఉంది. మా హాస్టల్లో రాత్రి రెండు దాకా కంప్యూటరు ఆటలు ఆడేవాళ్ళకు తెలియదు గాని, వాళ్ళ ఆటల్లో చాలావాటి లోపల లువా అనే భాష ఉంటుంది. సారు నాకు చెప్పింది ఆ లువానే.

లువా కథ నాకు మా కథలాగే తోచింది. అది అమెరికాలో పుట్టలేదు. బ్రెజిల్ దేశంలో రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో, టెక్‌గ్రాఫ్ అనే విభాగంలో 1993లో పుట్టింది. రోబెర్టో యెరుసలింస్కీ, లూయిజ్ హెన్రిక్ డి ఫిగైరెడో, వాల్దెమార్ సెలెస్ అనే ముగ్గురు దాన్ని చేసినారు. 1977 నుండి 1992 వరకు ఆ దేశంలో బయటి కంప్యూటర్లకు, సాఫ్టువేరుకు గట్టి అడ్డుగోడలుండేవి. కొనుక్కోవడం కష్టం కాబట్టి కావలసింది తామే చేసుకోవడం వారికి అలవాటైంది. ఆ దేశపు చమురు సంస్థ పెట్రోబ్రాస్ కోసం వారు ప్రోగ్రాములు రాసేవారు. అందులో ఒకటి బావి తవ్వినప్పుడు ఏ లోతులో ఏ రాయి తగిలిందో చూపే పట్టికల పని. (మూడు బోర్లు వేయించి మూడింటా దుమ్ము చూసిన మా చిన్నాయనకు ఈ మాట చెబితే, "ఆ పట్టిక మనకూ ఒకటి ఉంటే బాగుండు" అన్నాడు.) వాడుకునే ఇంజనీర్లు ప్రతిదీ తమ ఇష్టప్రకారం మార్చుకోవాలని అడిగేవారు. వారి కోసం మొదట రెండు చిన్న భాషలు చేసి, తర్వాత రెంటినీ కలిపి ఒకటి చేసినారు. పాత భాషలలో ఒకదాని పేరు సోల్. వారి పోర్చుగీసులో సూర్యుడని అర్థం. అందుకని కొత్తదానికి చంద్రుడని పేరు పెట్టినారు. లువా అంటే చంద్రుడు.

మొత్తం లువా మూలం సుమారు 30,000 పంక్తుల సి భాష. ఉచితం. మన ప్రోగ్రాముతో పాటే దాన్నీ కంపైల్ చేసుకోవచ్చు. ఇంటికి మరో పొయ్యి, మరో పొంత అక్కరలేదు.

దీన్ని నేను మా వాళ్ళకు ఇల్లరికం అని చెప్పి అర్థం చేయించినాను. ఇల్లరికపు అల్లుడు చేతులూపుకుంటూ వస్తాడు. అత్తవారు ఏది ఇస్తే అదే అతనిది. లువా కూడా అంతే. దానంతట అది మన ఫైళ్ళు తెరవలేదు, మన తెర మీద గీయలేదు. మనం ఏ తలుపు తాళం ఇస్తే ఆ గదిలోకే పోతుంది. కావాలంటే ఫైళ్ళు తుడిచే శక్తి, ఇతర ప్రోగ్రాములు నడిపే శక్తి కూడా ఇవ్వవచ్చు. దానికి వేరే గ్రంథాలయాలున్నాయి. నేను అవి తెరవలేదు. మూడు తాళాలే ఇచ్చినాను. ఫలానా రోజు వాన ఎంత అని అడగడానికి ఒకటి. ఈ చేను ఏ నేల అని అడగడానికి ఒకటి. తెర మీద ఒక మాట చెప్పడానికి ఒకటి.

సి కీ లువాకూ మధ్య మాట నడిచే తీరు చిత్రంగా ఉంటుంది. రెండూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. నడుమ ఒక దొంతి ఉంటుంది, పెళ్ళి పందిట్లో విస్తరాకుల దొంతి మాదిరి. సి తాను చెప్పవలసినది దొంతి మీద పెడుతుంది: ముందు పిలవవలసిన పని పేరు, దాని మీద దానికి కావలసిన అంకెలు. తర్వాత "పిలు" అంటుంది. లువా పైనుండి అవి తీసుకుని, పని చేసి, జవాబు మళ్ళీ దొంతి మీదే పెడుతుంది. సి ఆ జవాబు తీసుకుని దొంతిని మళ్ళీ ఖాళీ చేయాలి. నేను మొదటి వారం తీయడం మరిచిపోతూ వచ్చినాను. దొంతి పెరిగి పెరిగి ఒకనాడు ప్రోగ్రాము కుప్పకూలింది. ఎన్ని పెట్టినానో అన్ని తీసినానా అని లెక్క చూసుకోవడం ఈ పనిలో సగం.

పిలవడంలో కూడా రెండు రకాలున్నాయి. మామూలుగా పిలిస్తే లువా ఫైలులో తప్పుంటే అది తాను పడి ఇంటిని కూడా పడగొడుతుంది. కాపు పెట్టి పిలిస్తే అది మాత్రం పడి, "నాలుగో పంక్తిలో ఇది తప్పు" అని ఒక చీటీ పంపుతుంది. ఇల్లు నిలబడుతుంది. నేను కాపు పెట్టే పిలిచినాను. ఈ కాపు మీద నాకు అప్పుడు మహా నమ్మకం.

ఇంకొక్క ముచ్చట చెప్పి అసలు సంగతికి వస్తాను. లువాలో మనం పెట్టే పేర్లు మామూలుగా ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి. అయితే 5.4 మూలంలో ఒక చిన్న స్విచ్చు ఉంది. కంపైల్ చేసేటప్పుడు దాన్ని వేస్తే తెలుగు అక్షరాలను కూడా పేర్లుగా ఒప్పుకుంటుంది. అది పనిచేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాన అని రాస్తే వాన అని తీసుకుంటుంది. ఇఫ్, దెన్, ఎండ్ వంటి దాని సొంత మాటలు ఇరవై చిల్లర ఉన్నాయి, అవి మారవు. తక్కినదంతా మనదే.

ఇప్పుడు చిన్నాయన సంగతి. బోర్ల అప్పు తీరడానికి ఆయన సంక్రాంతి వెళ్ళగానే బెంగుళూరుకు సెంట్రింగు పనికి పోతాడు. మా ఊరి నుండి అట్లా పోయేవారు చాలామంది. తిరిగి మృగశిరకు వస్తాడు. ఆయనకు చదువు ఏడో తరగతి. అయితే పదకొండేళ్ళ వాన ఆయన ఇంటి గోడకు వేలాడుతోంది. ప్రతి ఏటి క్యాలెండరునూ పారేయకుండా మేకుకు తగిలించినాడు. వాన పడిన రోజు గడిలో పెన్నుతో అంకె ఉంటుంది. పడని రోజు గడి ఖాళీ.

పోయిన సంక్రాంతికి నేను, ఆయన అరుగు మీద కూర్చుని సూత్రం రాసినాము. ఆయన చెప్పినాడు, నేను కొట్టినాను.

"రెండు దినాలు కలిపి ఇరవై ఐదు పడితే పదునే. దాంట్లో అనుమానం లేదు. ఇంకోటి రాయి. నిన్న వాన ఉండి, ఈ పొద్దు పదిహేను పడినా చాలు. కింద తడి ఉంటాది, పైది పోయి దాన్ని కలుసుకుంటాది."

"తడి తడి కలుసుకోవాలంటావు."

"అదే కదరా పదునంటే."

ఇఫ్ అంటే ఏమని అడిగినాడు. అయితే అని చెప్పినాను. "ఆహా, 'నిన్న వాన అయితే' అన్నమాట" అని తెర మీది పంక్తిని వేలు పెట్టి చదువుకున్నాడు. ఆయన కొడుకు ఒకసారి తానే కొట్టి చూసి వానను వాణ చేసినాడు. ప్రోగ్రాము కూలకుండా "రెండో పంక్తిలో వాణ అనేది లేదు" అన్న అర్థంలో చీటీ చూపింది. చిన్నాయన పకపక నవ్వినాడు. తర్వాత పదకొండేళ్ళ క్యాలెండర్లు ఎక్కించి సూత్రాన్ని వాటి మీద నడిపి చూసినాము. ఏయే సంవత్సరం ఏ తేదీన పదును వచ్చిందంటుందో చూసి, "ఆ ఏడు అదే రోజు విత్తినా", "ఆ ఏడు విత్తకుండా చెడిపోయినా" అని ఆయన తల ఊపుతూ వచ్చినాడు. ఒక్కటీ తప్పలేదు. పోయేటప్పుడు చిన్నమ్మతో, "నేను రావడం ఆలస్యమైనా ఇది చెప్పినప్పుడు ట్రాక్టరు పిలిపించు. ఇది నేను చెప్పినట్టే" అన్నాడు.

నేను చిన్నమ్మకు చెప్పిన మాట ఒకటి ఉంది. అదీ ఇక్కడ రాయాలి. "రోజూ తప్పకుండా అంకె వెయ్యి చిన్నమ్మా. ఏ రోజూ ఖాళీ వదలొద్దు. వాన లేకుంటే సున్నా పెట్టు" అన్నాను. రికార్డు పూర్తిగా ఉంటే బాగుంటుందని.

ఆ ఏడు మేస్త్రీ కూలి ఆపడంతో చిన్నాయన మృగశిరకు రాలేకపోయినాడు. ఆరుద్రలో ఒక సాయంత్రం మబ్బు కమ్మి గంటసేపు కురిసింది. డబ్బాలో 16 మి.మీ. దానికి ముందు పది దినాలు చినుకు లేదు. చిన్నమ్మ పది రోజులూ సున్నా పెట్టింది, పదకొండో రోజు 16 పెట్టింది. తెర పచ్చబడింది: పదును వచ్చింది.

నాయన చేనికి పోయి గునపంతో జానెడు తవ్వి చూసినాడు. మూడు వేళ్ళ కింద పొడి మట్టి. "ఇంకో వాన చూద్దాంలేమ్మా" అన్నాడు చిన్నమ్మతో. ఆమె ఏమంటుంది? అది తన మొగుడు చెప్పిన సూత్రం, తెలుగులో, ఆయన మాటల్లోనే ఉంది. ఫోను చేస్తే ఆయన కూడా, "అది చెప్పిందంటే నేను చెప్పినట్టే, వంతు పోగొట్టుకోవద్దు" అన్నాడు. పదునైన నాడు ఊరంతా ట్రాక్టరుకు వంతు కడతారు. ఈమెకు అడగ్గానే దొరికింది. అంత సులభంగా ఎందుకు దొరికిందో అప్పుడే అనుమానించి ఉండవలసింది. ఊళ్ళో ఇంకెవరూ విత్తలేదు. అవ్వా, చిన్నమ్మా వారం దినాలు కూర్చుని వేళ్ళు కాయలు కాసేలా ఒలిచిన విత్తనం రెండెకరాల్లో పడింది. తర్వాత మూడు వారాలు గాలి తప్ప ఏమీ లేదు. అక్కడక్కడ మొలిచింది, మొలిచింది మాడింది.

నేను ఊరికి పోయి ఆ రాత్రి ఫైలు తెరిచి చూసినాను. తప్పు కనబడడానికి రెండు గంటలు పట్టింది. కనబడినాక రెండు క్షణాలు చాలు.

సి భాషలో సున్నా అంటే లేదు. "వాన ఉంటే" అని అడిగి అక్కడ సున్నా ఉందనుకోండి, సి లేదనే అనుకుంటుంది. నా వేళ్ళు ఆ అలవాటులోనే "నిన్న వాన ఉండి" అన్న పంక్తిని కొట్టినాయి. లువాలో అట్లా కాదు. అందులో లేదు అనిపించుకునేవి రెండే. ఒకటి అబద్ధం, రెండోది శూన్యం, అనగా అసలేమీ రాయని ఖాళీ. సున్నా అనేది ఒక అంకె. అంకె ఉన్నదంటే ఉన్నట్టే. పదకొండేళ్ళ క్యాలెండర్లలో వాన లేని గడులు ఖాళీ. వాటిని లువా లేదనుకుంది, సూత్రం సరిగా నడిచింది. చిన్నమ్మ నేను చెప్పినట్టు శ్రద్ధగా సున్నాలు పెట్టింది. నిన్న సున్నా ఉంది కాబట్టి నిన్న వాన ఉన్నట్టే అని లువా తీసుకుంది. బడికి హాజరు కాని పిల్లవాడి పేరు పక్కన ఏదో గుర్తు ఉంది కదా అని వచ్చినట్టు లెక్కేసిన పంతులు మాదిరి. ఆమె అజాగ్రత్తగా ఉండి ఖాళీ వదిలి ఉంటే విత్తనం మిగిలేది.

నేను నమ్ముకున్న కాపు ఏమైంది? అది పడిపోయేదాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ ఏదీ పడలేదు. దర్జాగా నడిచి తప్పు ఇంటికి పోయింది. దానికి చీటీ రాదు.

ఫోనులో చిన్నాయనకు చెప్పినాను. చెప్పకుండా వానమీదికి తోసేయవచ్చు, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. చెప్పినంతసేపూ ఆయన మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను చెప్పింది సరే, నువ్వు రాసింది తప్పా?" అన్నాడు.

"అవును చిన్నాయనా."

"తెలుగులోనే ఉన్యాది కదరా. నేను చదువుకున్యా. నాకూ తప్పు కనబడలా."

ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది. పచ్చి ఇంగ్లీషులో ఉంటే ఆయన దాన్ని అంతగా నమ్మేవాడు కాదు. ఆయన మాటలు పెట్టి, వాటి అర్థం మాత్రం రియో డి జనీరోలో నిర్ణయించినట్టు ఉంచి, "ఇది నీదే" అని చేతికిచ్చినాను. ఇల్లరికం అల్లుడు మన యాసలో మాట్లాడుతున్నాడు కదా అని వాడి లెక్కలు కూడా మనవే అనుకున్నాము. లువాను నిందించే పని లేదు. దాని పుస్తకంలో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది, నేను చదివి కూడా ఉన్నాను.

మన జిల్లా శనక్కాయను కంప్యూటరులో పెట్టి చూసిన పెద్దలు లేకపోలేదు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో సులోచన గాడ్గిల్ గారు, శేషగిరిరావు గారు మొదలైనవారు పీనట్‌గ్రో అనే నమూనాను అనంతపురం వానల మీద నడిపి ఎప్పుడు విత్తితే మేలో లెక్క కట్టినారు. 2002లో అచ్చయిన వారి పరిశోధన ఈ వర్షాధారపు బుడ్డల మీదనే. జూన్‌లో తొందరపడడం కంటే జూలై మధ్య దాటినాక విత్తడంలో అపాయం తక్కువని వారి లెక్క. ఆ నమూనా పాత ఫోర్‌ట్రాన్ భాషలో రాసినది. వారు ఒక్క అంకె చెప్పడానికి ఎన్నో ఏళ్ళ వానలు నడిపి చూసినారని, రైతులతో కూర్చుని మాట్లాడినారని ఈ దెబ్బ తర్వాత చదివి తెలుసుకున్నాను. నేను పదకొండేళ్ళు నడిపినాను గాని, క్యాలెండరులో ఉన్నట్టుగా నడిపినాను. చిన్నమ్మ రాయబోయే తీరులో ఒక్క రోజు కూడా నడపలేదు.

తర్వాత చేసిన మార్పులు ఎక్కువేమీ కావు. వాన అని ఊరికే అడగడం తీసేసి, "వానరోజు" అని కొత్త తాళం ఒకటి ఇచ్చినాను. వాతావరణ శాఖ వారి లెక్కలో 2.5 మి.మీ. అయినా పడితేనే అది వాన రోజు. అదే పెట్టినాను. ఖాళీ గడి వస్తే ఊహించుకోకుండా ప్రోగ్రాము ఆగి అడుగుతుంది. సూత్రం ఫైలు ఎవరు మార్చినా సరే, ముందు పాత సంవత్సరాలన్నింటి మీదా రెండుసార్లు నడుస్తుంది: ఒకసారి గడులు ఖాళీగా, ఒకసారి వాటిలో సున్నాలు పెట్టి. రెండు జవాబులూ కలవకపోతే ఒప్పుకోదు. అంతులేని చుట్టులో పడితే ఇన్ని అడుగుల తర్వాత ఆపేసే గంట కూడా కట్టినాను. దాని అవసరం ఇంతవరకు రాలేదు.

పుష్యమిలో మంచి వాన పడింది. నాయన తన విత్తనంలో మిగిలినది ఇస్తే ఒక ఎకరా మళ్ళీ బుడ్డలు వేసినారు. రెండో ఎకరాలో ఉలవలు చల్లినారు. చిన్నాయన అప్పటికి వచ్చి ఉన్నాడు. నా మీద కోపం చూపలేదు గాని, చాలా దినాలు ల్యాప్‌టాపు వైపు చూడలేదు. దసరా సెలవుల్లో తానే పిలిచినాడు.

"ఆ ఫైలు తెరువు. గాలి సంగతి అందులో లేదు. గాలి కూడా పెట్టల్ల."

"గాలి కొలిచేది మనకాడ లేదు కదా చిన్నాయనా."

"కొలిచేదెందుకు? అడగమను. మనిషిని అడగమను."

ఆ రోజు నాలుగో తాళం ఇచ్చినాను. సూత్రం నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి ఇంట్లో ఉన్నవారిని ఒక ప్రశ్న అడగగలదు. ఏ ప్రశ్న అన్నది ఫైలులోనే ఉంటుంది. చిన్నాయన రెండు పంక్తులు చెప్పినాడు, ఈసారి తానే ఒక్కొక్క అక్షరం వెదికి కొట్టినాడు. మొదటిది గాలి గురించి. రెండోదానికి అవును అన్న జవాబు వస్తే తప్ప తెర పచ్చబడదు. అది ఇట్లా ఉంది: "జానెడు తవ్వి సూసినారా?"

చూసినారా అని దిద్దబోతే వద్దన్నాడు. అట్లే ఉంచినాను.